ముందు నీళ్లు, తరువాతే జీపు

(బస్తరు ప్రాంతంలోని కిరండూల్‌లో, బైలాడీలా గనుల తెలుగు కార్మికులు, వారి కుటుంబ సభ్యుల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా చర్చించుకునేది వేతన ఒప్పందాల గురించి, బోనసు గురించి, కాంట్రాక్టు కార్మికుల పర్మినెంటు గురించి. ఈ కిరండూల్ గడ్డ మీద 1978 ఏప్రిల్ 5న జరిగిన పోలీసు కాల్పులలో అసువులు బాసిన కార్మికులను తలచుకోకుండా మనం ఏ సభనూ ప్రారంభించుకోము. ఈనాడు కూడ ఆ నివాళి ముగించుకొనే కూర్చున్నాము. అయితే ఈ పూట మేము ఎత్తుకున్న విషయం చూడడానికి చాలా చిన్నది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్, తూము శుభ్రపరిచే కాస్టిక్ సోడా, గోడకు వేసే సున్నం, బ్లీచింగ్ పౌడరు. వీటిలో ఏదైనా కంట్లో చిందితే ఏమి చేయవలెను అన్నదే ఆ విషయం. కరపత్రం చూసిన కొందరు మిత్రులు "ఇది డాక్టరుగారు చెప్పవలసిన మాట కదా, యూనియనువారికి దీనితో ఏమి పని?" అని అడిగారు. సమాధానం చెప్పబోయే ముందు మా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవలసి ఉన్నది.

కొన్నేళ్ల కిందటి మాట. ఊరు పేరు, కాంట్రాక్టరు పేరు ఇక్కడ అనవసరం. ఒక కార్మిక వసతి గృహంలో పారిశుధ్యపు పని చేసే ఒక చెల్లెలు, పూడుకుపోయిన తూములో పోయడానికని బకెట్టులో కాస్టిక్ సోడా పలుకులు వేసి, వాటి మీద నీళ్లు కుమ్మరించింది. కాస్టిక్ సోడా నీటితో కలిసినప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది. నీళ్లు బుస్సున పైకి చిమ్మాయి. కుడి కంట్లో పడ్డాయి. సంఘ బాధ్యులం ఇద్దరం ఆ సమయానికి ఆ ఆవరణలోనే ఉన్నాము. కేక విని పరుగెత్తుకు వచ్చాము. వచ్చి ఏమి చేశాము? ఒకరం జీపు కోసం పరుగెత్తాము. ఇంకొకరం సూపర్‌వైజరును వెదకడానికి పోయాము. చుట్టూ ఉన్నవారు పాపం మంచి మనసుతోనే తడిగుడ్డ మడిచి కన్ను మూసి కట్టు కట్టారు. జీపు దొరికి, డ్రైవరు దొరికి, ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి.

అక్కడి నర్సమ్మగారు అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎంతసేపు కడిగారు?"

మా వద్ద జవాబు లేదు. ఆ చెల్లెలు నిలబడిన చోటికి పది అడుగుల దూరంలో నీళ్ల తొట్టి ఉన్నది. నిండుగా ఉన్నది. మనుషులను పోగుచేయడం, బండి సంపాదించడం, అధికారిని నిలదీయడం మాకు ముప్పై ఏళ్లుగా అలవాటైన పనులు. ఆనాడు అవే చేశాము. చెంబుతో నీళ్లు పోయడం మాకు ఒక పనిగా తోచలేదు. ఆమె కుడికంటికి ఈనాడు వెలుతురు తెలుస్తుంది, మనిషి ముఖం తెలియదు. కాంట్రాక్టరు అది ఇంటివద్ద జరిగిన ప్రమాదమని రాయించాడు. దాని మీద పోరాడి కొంత సాధించాము. కాని ఆ నలభై నిమిషాలలో పోయినదానిని ఏ పోరాటమూ తిరిగి తేలేదు. అందుచేతనే ఈ మాట యూనియనువారు చెప్పవలసి వచ్చింది.

కంట్లో ఏమి జరుగుతుందో మొదట తెలుసుకుందాము. నల్లగుడ్డు మీద గడియారపు అద్దం వంటి పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దానిని కార్నియా అంటారు. వెలుతురు లోపలికి పోయే వాకిలి అదే. మన ఇండ్లలో వాడే ద్రవ్యాలు దానిమీద రెండు విధాలుగా దాడి చేస్తాయి. మరుగుదొడ్డి కడిగే ద్రవాలలో ఎక్కువ భాగం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో చేసినవి. యాసిడ్ తగలగానే కంటి పైపొరలోని మాంసకృత్తులు, నిమ్మరసం పిండిన పాలు విరిగినట్లు, గడ్డకడతాయి. ఆ గడ్డకట్టిన పొరే కొంతవరకు అడ్డుగోడలా నిలిచి యాసిడ్‌ను లోతుకు దిగనివ్వదు. గాఢమైన యాసిడ్ అయితే ఆ గోడ కూడ నిలువదు. కనుక యాసిడ్‌ను తక్కువగా చూడరాదు. కాని క్షారం సంగతి వేరు. కాస్టిక్ సోడా, సున్నం, అమ్మోనియా, బ్లీచింగ్ ద్రావణం ఇవన్నీ క్షార గుణం కలవి. నూనెలో కాస్టిక్ సోడా కలిపితే సబ్బు తయారవుతుందని మీలో చాలామందికి తెలుసు. కంటి కణాల గోడలలో కొవ్వు ఉంటుంది. క్షారం తగిలినప్పుడు ఆ కొవ్వు సబ్బుగా మారి కరిగిపోతుంది. గోడ కరిగిన చోట క్షారం ఇంకా లోపలికి దిగుతుంది. కొద్ది నిమిషాలలోనే కార్నియాను దాటి కంటి లోపలి నీటిని చేరగలదు. అక్కడికి చేరిన తరువాత పైనుండి ఎంత కడిగినా అందేది కొంతే. కాబట్టి ఆ మొదటి నిమిషాల మీదనే చూపు ఆధారపడి ఉన్నది.

సున్నం గురించి కొంచెం విడిగా చెప్పవలసి ఉన్నది. బస్తరులో పొగాకు, సున్నం లేని జేబు అరుదు. సంతలో దొరికే చిన్న ప్లాస్టిక్ సున్నపు పొట్లాన్ని పిల్లలు ఆటవస్తువుగా తీసుకొని నలుపుతారు. అది పగిలి చిమ్మిందంటే నేరుగా కంట్లోకే. దేశమంతటా కంటి డాక్టర్లు చిన్నపిల్లలలో ఇటువంటి కేసులు చూస్తూనే ఉన్నారు. పండుగకు వెల్ల వేసేటప్పుడు పెద్దలకు కూడ ఇదే ప్రమాదం. సున్నంలోని చెడ్డ గుణమేమంటే, అది ముద్దగా కనురెప్పల కింద అతుక్కుని కూర్చుంటుంది. పైన నీళ్లు పోస్తూ ఉన్నా, కింద ఆ ముద్ద నుండి క్షారం ఊరుతూనే ఉంటుంది. సున్నం తినే వస్తువే కదా, కంటికి ఏమవుతుందిలే అనుకోవడం పొరపాటు.

ఇక కడగడం. ఇది చెప్పడం కంటె చేసి చూపడం మేలు. ఆ పని కూడ చేస్తాము. ముందు మాటలలో వినండి.

కంట్లో పడిన తక్షణమే, అక్కడికక్కడే, నీళ్లు. కుళాయి దగ్గరగా ఉంటే కుళాయి కింద. లేకపోతే చెంబు, మగ్గు, నీళ్ల సీసా, ఏది దొరికితే అది. తాగే నీళ్లుంటే శ్రేష్ఠం. వాటి కోసం వెదుకుతూ కాలం పోగొట్టరాదు. ఇంట్లో వాడుకునే నీళ్లు చాలు. ఖనిజపు మట్టితో ఎర్రబారిన శంఖినీ నీళ్ల సంగతి మనకందరికీ తెలిసినదే. అటువంటి బురదనీటిని కంట్లో పోయమని మేము చెప్పడం లేదు. అందుకే ఇంట్లో తేటనీళ్ల బిందె ఒకటి ఎప్పుడూ నిండుగా ఉండాలని కోరుతున్నాము. కుళాయి ఏ వేళకు వస్తుందో, ఏ వేళకు ఆగుతుందో కాలనీలలో ఉన్న మన ఆడవారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ప్రమాదం కుళాయి వేళ చూసి రాదు.

తలను దెబ్బతిన్న కంటివైపు పక్కకు వంచాలి. అప్పుడు కడిగిన నీళ్లు బాగున్న కంట్లోకి పారకుండా చెంప మీదుగా కిందికి పోతాయి. ముక్కు వైపు నుండి చెవి వైపుకు సన్నని ధారగా పోయాలి. రెండు కళ్లలోనూ పడితే వెల్లకిల పడుకోబెట్టి ముక్కుదూలం మీద పోస్తే రెండింటిలోకీ పారుతుంది. మంటకు కన్ను గట్టిగా మూసుకుపోతుంది. అది మనిషి తప్పు కాదు, శరీర ధర్మం. అందుచేత రెండవ మనిషి కావాలి. ఒకరు వేళ్లతో రెప్పలు రెండూ తెరచి పట్టుకోవాలి, ఒకరు పోయాలి. మూసిన రెప్ప మీద ఎన్ని బిందెలు పోసినా ముఖం కడిగినట్లే కాని కన్ను కడిగినట్లు కాదు. కడుగుతూనే గుడ్డును పైకి, కిందికి, పక్కలకు తిప్పమనాలి. కాంటాక్టు లెన్సు పెట్టుకునేవారైతే కడుగుతూనే దానిని తీసివేయాలి. సున్నం గాని, బ్లీచింగ్ పౌడరు గాని అయితే ముఖం మీద, కనుబొమ్మల మీద పొడిగా ఉన్నదానిని ముందు చప్పున దులిపివేసి నీళ్లు మొదలుపెట్టాలి. రెప్పల సందున కనిపించే ముద్దను తడిపిన మెత్తని గుడ్డ కొనతో తీసివేయాలి, కడగడం మాత్రం ఆపరాదు. పసిపిల్లలైతే తువ్వాలులో చేతులతో సహా చుట్టి ఒడిలో పడుకోబెట్టుకోండి. ఏడుస్తారు. ఏడ్వనివ్వండి, పోస్తూనే ఉండండి.

ఎంతసేపు? తక్కువలో తక్కువ ఇరవై నిమిషాలు. కాస్టిక్, సున్నం అయితే అరగంట, ఇంకా ఎక్కువైనా మంచిదే. ఇరవై నిమిషాలంటే ఎంతో మనకు సరిగా తోచదు. ఖనిజపు రైలు గేటు దాటేంతసేపని అనుకుంటారు, కాదు. మన జనరల్ బాడీలో ఒక వక్త "రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అన్న తరువాత తీసుకునే సమయం అది! నవ్వులాట అటుంచితే, సన్నని ధారగా పోస్తే నిమిషానికి లీటరున్నర పడుతుంది. ఇరవై నిమిషాలకు ముప్పై లీటర్లు, అనగా సుమారు రెండు బిందెలు. గడియారం చూసేందుకు ఒకరిని నిలబెట్టండి. లేకపోతే రెండు నిమిషాలకే చాలుననిపిస్తుంది.

చేయకూడనివి కూడ ఉన్నాయి, అవి మనవాళ్లు ప్రేమతో చేసేవే. యాసిడ్ పడితే సోడా, సున్నం పడితే నిమ్మరసం వేస్తే విరుగుడవుతుందని చదువుకున్నవారే చెబుతుంటారు. పుస్తకంలో అది నిజమే. కంట్లో అవి కలిస్తే వేడి పుడుతుంది, రెండవ గాయం అవుతుంది. చనుబాలు, తేనె, ఆముదం, ఆకుపసరు, పన్నీరు ఏవీ వద్దు. మేము పెద్దల వైద్యాన్ని ఎగతాళి చేయడం లేదు. వాటిని తెచ్చేందుకు, పిండేందుకు పోయే సమయమే కంటిని కాలుస్తుంది. కన్ను నలపరాదు. కట్టు కట్టరాదు; కట్టు కడితే రసాయనాన్ని లోపల బంధించినట్లే. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కల మందు వేయరాదు.

కడిగిన తరువాత ఆసుపత్రి. దారిలో కూడ, బండిలో కూడ, సీసాలో నీళ్లు పట్టుకొని పోస్తూ పోవాలి. ఏ ద్రవం పడిందో ఆ డబ్బాను మూత బిగించి వెంట తీసుకుపోవాలి. డాక్టరుకు అది సగం కేసు చెబుతుంది. అక్కడ వారు తిమ్మిరి చుక్కలు వేసి, చిన్న కాగితపు ముక్క కంటికి తాకించి రంగు చూస్తారు. లోపల ఇంకా యాసిడ్ గాని క్షారం గాని మిగిలి ఉన్నదీ లేనిదీ దానివల్ల తెలుస్తుంది. మిగిలి ఉంటే సెలైను నీటితో మళ్లీ కడుగుతారు. "ఇంటివద్దనే కడిగాము కదా" అని తొందరపడి లేచి రావద్దు. మరొక్క మాట. మంట తగ్గిపోయింది, కన్ను ఎర్రగా లేదు, తెల్లగానే ఉన్నది అని సంతోషించి ఇంట్లో ఉండిపోయినవారున్నారు. గాఢమైన క్షారం నరాలను, రక్తనాళాలను కాల్చివేసినప్పుడు కూడ నొప్పి తగ్గుతుంది, కన్ను తెల్లబడుతుంది. ఆ తెలుపు మంచి గుర్తు కాదు. గిన్నెలు తోమే సబ్బునీరో, షాంపూయో పడితే అంత భయం లేదు; బాగా కడిగిన తరువాత కూడ ఎరుపు, మసక ఉంటే చూపించుకోండి.

మన దూరాలను కూడ లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడినుండి దంతెవాడ నలభై కిలోమీటర్లు. పెద్ద వైద్య కళాశాల ఉన్న జగదల్‌పూరు వంద కిలోమీటర్లు దాటుతుంది. విశాఖపట్నానికి కొండల మీదుగా రైలులో పోవాలంటే దాదాపు ఒక పగలో ఒక రాత్రో. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థలో, బాగున్న కంటి నల్లగుడ్డు అంచునుండి చిన్న ముక్క తీసి కాలిన కంటిమీద నాటి, కొత్త పైపొర పెంచే శస్త్రచికిత్సను రూపొందించారు. 2012లో దానిని వైద్యలోకానికి ప్రకటించారు. మన తెలుగునాట జరిగిన గొప్ప పని అది. అయితే ఆ ముక్క తీసుకోవడానికి ఒక కన్నైనా బాగుండాలి, నెలల తరబడి తిరగగల ఓపిక, దారిఖర్చు ఉండాలి. రోజుకూలి చెల్లెలికి అవి ఎక్కడివి?

భోపాల్‌ను కూడ ఒకసారి తలచుకోండి. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్యరాత్రి మిథైల్ ఐసోసయనేట్ వాయువు ఊరిమీద పడినప్పుడు మొదట మండినవి కళ్లే. కళ్లు తెరవలేక జనం వీధులలో పరుగెత్తారు. ఆనాడు బస్తరు కూడ అదే రాష్ట్రంలో ఉండేది. ఏమి చేయాలో ముందుగా చెప్పి ఉంచే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. కర్మాగారంలోని విషానికీ మన ఇంటి సీసాకూ పోలిక లేదు. కాని ముందుగా చెప్పి ఉంచకపోవడం అన్నది రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు మనలోని లోపం ఒకటి చెప్పక తప్పదు. మన కాలనీలలో, హాస్టళ్లలో, ఆఫీసులలో మరుగుదొడ్లు కడిగేవారు ఎవరు? చుట్టుపక్కల పల్లెలనుండి వచ్చే గోండు, హల్బీ మాట్లాడే ఆదివాసీ చెల్లెళ్లు. వారిపై పని చెప్పేవారిలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు. డబ్బా మీద హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. చాలాసార్లు ఆ డబ్బా కూడ ఉండదు; పెద్ద క్యాను నుండి వంచి కూల్‌డ్రింకు సీసాలో పోసి చేతికిస్తారు. రంగు చూసి తాగిన పిల్లలు కూడ ఉన్నారు. యాసిడ్‌ను ఎవరికిబడితే వారికి అమ్మరాదని, కొన్నవారి గుర్తింపు రాసుకోవాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. ఆ సీసా మన ఇంటి గూటిలోకి, స్టోరుగదిలోకి వచ్చిన తరువాత ఎక్కడ ఉంటుందో చూడవలసినవారం మనమే. యాసిడ్, బ్లీచింగ్ కలిపి పోస్తే బాగా తెల్లబడుతుందని కొందరు చెబుతున్నారట. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది, అది కళ్లనూ ఊపిరితిత్తులనూ కాలుస్తుంది. కాస్టిక్ సోడాను కూడ నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి తప్ప, దానిమీద నీళ్లు కుమ్మరించరాదు. మొదట చెప్పిన చెల్లెలికి ఈ ఒక్క మాట ఆమె భాషలో ఎవరూ చెప్పి ఉండలేదు. మేము కూడ చెప్పలేదు.

మా సంఘం యాజమాన్యాల ముందు పెట్టదలచిన కోరిక పెద్దదేమీ కాదు. యాసిడ్ గాని, కాస్టిక్ గాని ఉంచే ప్రతి గదిలో, వాడే ప్రతి చోట, మూత ఉన్న తేటనీళ్ల డ్రమ్ము, దానిమీద చెంబు ఉండాలి. కన్ను కడిగే సాధనం పది సెకన్లలో అందుబాటులో ఉండాలని, పదిహేను నిమిషాలు ఆగకుండా ధార రావాలని అమెరికాలో ప్రమాణం పెట్టుకున్నారు. మన డ్రమ్మూ చెంబూ దానికి సరితూగవు. అవి కూడ లేని చోట ఇవే ప్రాణం. గాగుల్స్, చేతి తొడుగులు ఇవ్వాలి, ఇచ్చి తాళం వేసి దాచకూడదు. కాంట్రాక్టు కార్మికులకు సంక్షేమ సౌకర్యాలు కాంట్రాక్టరు కల్పించకపోతే ప్రధాన యజమానే కల్పించాలని 1970 నాటి చట్టంలో ఉండేది. 2025 నవంబరులో నాలుగు లేబరు కోడ్‌లు అమలులోకి వచ్చి పాత చట్టాల స్థానం తీసుకున్నాయి. వాటి మంచిచెడ్డల చర్చ వేరే పూట చేసుకుందాము. ఏ చట్టమైనా పనిలో కన్ను దెబ్బతింటే అదేరోజు ప్రమాదపు రిజిస్టరులో రాయించాలి. మాటతో వదలిపెట్టి మేము ఒకసారి నష్టపోయాము. 1923 నాటి నష్టపరిహార చట్టపు జాబితాలో, రెండవ కన్ను బాగున్నప్పుడు ఒక కంటి చూపు పోతే సంపాదన శక్తిలో పోయినది 30 శాతమని లెక్క కట్టారు. ఆ లెక్క కట్టినవారు చీపురు పట్టి మెట్లు దిగి ఉండరు. ఇంటివద్ద జరిగిన ప్రమాదానికైతే ఆ 30 శాతం కూడ లేదు.

యాజమాన్యం డ్రమ్ము పెట్టేదాకా మనం ఆగనవసరం లేదు. మా సంఘ కార్యాలయంలో స్నానాల గది ముందు నిన్ననే ఒకటి పెట్టాము. గోండు, హల్బీ తెలిసిన ఇద్దరు సోదరీమణులు ఈ మాటలనే తమ భాషలో చెప్పడానికి వచ్చి ఉన్నారు. ఉపన్యాసం ఇంతటితో ఆపి, అందరం కార్యాలయం వెనుక కుళాయి దగ్గరకు పోదాము. రెప్పలు ఎలా తెరచి పట్టుకోవాలో, పసిబిడ్డను ఎలా చుట్టాలో ఒక్కొక్కరు చేసి చూడాలి. మగవారు టీ కోసం ముందుకు పోవద్దు. జీపు కోసం పరుగెత్తినవాళ్లం మనమే కనుక ముందు వరుసలో మనమే నిలబడదాము. రెండు బిందెలు నింపి పెట్టారు. గడియారం మా చేతిలో ఉన్నది.